బిళ్ళగన్నేరు దాచుకున్న మందు

ఎవరూ నాటకపోయినా పెరట్లో మొలిచే బిళ్ళగన్నేరు మన దేశపు మొక్క కాదు. దాని పుట్టినిల్లు ఆఫ్రికా తూర్పు తీరానికి ఆవలనున్న మడగాస్కర్ ద్వీపం. అక్కడినుండి అది ఉష్ణదేశాలన్నిటికీ వ్యాపించింది. పలుచోట్ల ప్రజలు దాని ఆకుల కషాయాన్ని మధుమేహానికి మందుగా సేవించారు.

1950వ దశకంలో ఆ ఆకులు జమైకానుండి కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయానికి చేరాయి. రాబర్ట్ నోబుల్ వాటి సారాన్ని ఎలుకలచేత తాగించాడు. రక్తంలో చక్కెర తగ్గలేదు. సూదిద్వారా ఎక్కించగా, ఎలుకలు కొద్ది రోజుల్లోనే రోగక్రిములు సోకి మరణించాయి. ప్రయోగం విఫలమైనట్లే తోచింది. కాని నోబుల్ ఆ మరణాలకు కారణం వెదికాడు. ఎముకల మూలుగ క్షీణించి, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ కణాలే అదుపు తప్పి పెరిగే వ్యాధి ల్యుకేమియా!

ఆకులోని అనేక పదార్థాలనుండి ఆ ఒక్కదానిని వేరుచేసే భారం ఆయన సహచరుడు చార్లెస్ బీర్ వహించాడు. 1958లో లభించిన ఆ ఆల్కలాయిడే విన్‌బ్లాస్టిన్. దాని తోబుట్టువైన విన్‌క్రిస్టిన్‌ను అమెరికాలోని ఎలై లిల్లీ సంస్థ వేరుచేసింది. 1963లో అది ఔషధంగా ఆమోదం పొందింది. ఒకప్పుడు మృత్యుశాసనమేననుకున్న పసిపిల్లల ల్యుకేమియాకు ఇతర ఔషధాలతో కలిపి నేటికీ దానిని ఇస్తున్నారు. సంపన్న దేశాలలో అట్టి పిల్లల్లో పదింట తొమ్మండుగురు బతుకుతున్నారు.

ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు సుమారు 500 కిలోల ఎండుటాకులు కావాలి. కనుక పెరటి ఆకు నమిలితే రోగం కుదరదు. పైగా ఆ ఆకు విషపూరితం. వేరుచేసి, తూచి, వైద్యుడు ఇచ్చినప్పుడే ఆ విషం ఔషధమవుతుంది.