దాచినవాడు లేకుండానే కొరత!

బజారులో ఉప్పు దొరక్కపోయినా, ఉల్లి ధర ఒక్కసారిగా పెరిగినా మనం మొదట వెతికేది ఒక్కణ్ణే - సరుకు దాచినవాణ్ణి. నిత్యావసరాలను దాచిపెట్టి, ధర పెరిగాక అమ్ముకోవడాన్ని ఫిఖ్‌హ్ గ్రంథాలు ‘ఇహ్తికార్’ అంటాయి. ధర్మశాస్త్ర పండితులు దాన్ని నిషిద్ధంగా పేర్కొన్నారు. మదర్సాలో ఆ పాఠం చదివిన మేము కూడా, కొరత ఎక్కడుంటే అక్కడ ఒక ‘ముహ్తకిర్’, అంటే సరుకు దాచినవాడు, ఉండే ఉంటాడని చాలాకాలం నమ్మాం.

ఇటీవల మా పూర్వ విద్యార్థి ఒకడు సెలవులకు వచ్చి మమ్మల్ని కలిశాడు. అమెరికాలో సప్లై చైన్ మేనేజ్‌మెంట్‌లో ఎం.ఎస్. చేస్తున్నాడు. ముడిసరుకు దశ నుంచి కొనేవాడి చేతికి చేరేదాకా వస్తువు సాగించే ప్రయాణాన్ని పరిశీలించే శాస్త్రమది. దుకాణంలో ఒక మందు అమ్మకం నెలనెలా దాదాపు ఒకేలా ఉంటే, దాన్ని తయారుచేసే ఫ్యాక్టరీకి చేరే ఆర్డర్లు మాత్రం ఒక నెల ఆకాశానికి, ఒక నెల పాతాళానికి ఎందుకు పోతాయన్నది అతని పరిశోధన ప్రాజెక్టు. ‘‘మధ్యలో ఎవడో దాస్తున్నాడు, అంతేగా?’’ అన్నాం. ‘‘ఎవరూ దాచకపోయినా ఇలాగే జరుగుతుంది ఉస్తాద్’’ అన్నాడు. అతడు వివరించిన సంగతి పాఠకులు కూడా తెలుసుకోదగ్గది.

చీటీల ఆట

ఈ శాస్త్రం చదివే విద్యార్థుల చేత చాలాచోట్ల ఒక ఆట ఆడిస్తారు. 1960ల ఆరంభంలో అమెరికాలోని ఎమ్‌ఐటీ విద్యాసంస్థలో ఆచార్య జే ఫారెస్టర్ బృందం దాన్ని రూపొందించింది. పేరు ‘బీర్ గేమ్’. పేరు విని ఉలిక్కిపడనక్కర్లేదు, అక్కడ సీసాలుండవు, చీటీలూ బిళ్లలే ఉంటాయి. చిల్లర వర్తకుడు, టోకు వర్తకుడు, పంపిణీదారు, ఫ్యాక్టరీవాడు - ఇలా నలుగురు వరుసగా కూర్చుంటారు. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. తనకెంత కావాలో చీటీ రాసి పక్కవాడికి పంపడమే పని. చీటీ అందడానికి, సరుకు రావడానికి కొన్ని వారాలు పడుతుంది. సరుకు మిగిలితే ఖర్చు, అడిగినవాడికి ఇవ్వలేకపోతే అంతకు రెట్టింపు ఖర్చు.

కొనేవాడు మొదటి 4 వారాలూ వారానికి 4 పెట్టెలు కొంటాడు. 5వ వారం నుంచి 8 పెట్టెలు. ఆట ముగిసేదాకా ఆ 8 మారదు. జరిగే మార్పు ఇదొక్కటే.

అదే విద్యాసంస్థకు చెందిన జాన్ స్టెర్మన్ ఈ ఆటపై పరిశోధించి 1989లో ఫలితాలు ప్రచురించారు. ఆడినవారిలో విద్యార్థులూ ఉన్నారు, కంపెనీల అధికారులూ ఉన్నారు. ఆయన విశ్లేషణకు తీసుకున్న 11 ఆటల్లో చిల్లర వర్తకుడి అత్యధిక ఆర్డరు సగటున 15 పెట్టెలు. టోకు వర్తకుడిది 19, పంపిణీదారుది 27, ఫ్యాక్టరీది 32. కొనేవాడు అడిగింది మాత్రం ఎనిమిదే! మొదట అందరికీ కొరత, ఆపైన అందరి గోదాముల్లో గుట్టలు. అయిన ఖర్చు, సరిగ్గా ఆడితే అయ్యే ఖర్చుకు సుమారు పదింతలు.

ఆట ముగిశాక కొనేవాడు ఎలా కొన్నాడో గీసి చూపమంటే చాలామంది కొండలూ లోయలూ గీస్తారట. తప్పంతా అతడి మీదికే నెడతారు. స్టెర్మన్ పట్టుకున్న అసలు కారణం వేరు. అడిగిన సరుకు ఇంకా రాలేదన్న కంగారులో, అది దారిలో ఉందన్న సంగతి మరచి మళ్లీ మళ్లీ అడగడమే.

ఆట నుంచి బజారుకు

1997లో హౌ లీ, పద్మనాభన్, సుంగ్జిన్ వాంగ్ అనే ఆచార్యులు నిజమైన వ్యాపారంలోనూ ఇదే జరుగుతోందని చూపారు. కొరడా పిడి కాస్త కదిపితే కొస దూరం ఎగురుతుంది కదా, అలా అన్నమాట. అందుకే దీనికి ‘బుల్‌విప్’ అని పేరు. వారు చెప్పిన కారణాలు నాలుగు. వచ్చిన ఆర్డర్లను బట్టే రేపటి అవసరాన్ని అంచనా వేయడం, ఆర్డర్లన్నీ పోగుచేసి ఒకేసారి పంపడం, ధరలను తరచూ తగ్గించి పెంచడం, కొరత ఉన్నప్పుడు ఎక్కువ అడిగితేనే కొంతయినా దక్కుతుందని లెక్క పెంచి అడగడం.

ఈ నాలుగో కారణం దగ్గర మేము కొంతసేపు ఆగిపోయాం. 2021లో ప్రపంచమంతటా కంప్యూటర్ చిప్‌లకు కటకట ఏర్పడినప్పుడు, గొలుసు మధ్యలో కొందరు వాటిని పోగేసుకుంటున్నారని తైవాన్‌కు చెందిన టీఎస్ఎంసీ సంస్థ అధ్యక్షుడే అన్నారు. ఆ మరుసటి ఏడాదికి కొన్నిచోట్ల కథ తిరగబడింది. పేరుకుపోయిన సరుకు వదిలించుకోవడానికి ధరలు తగ్గిస్తామని, కొన్ని ఆర్డర్లు రద్దు చేస్తామని 2022 జూన్‌లో అమెరికా దుకాణాల సంస్థ టార్గెట్ ప్రకటించింది.

మన దగ్గరి సంగతీ చూద్దాం. 2016 నవంబరులో ఉప్పు దొరకదన్న పుకారు ఉత్తరాదిన పుట్టి హైదరాబాద్ దాకా పాకింది. దేశంలో ఉప్పుకు కొరత లేదు. అయినా జనం ఎగబడ్డారు, ధర చుక్కలంటింది. ఒక్క పొట్లం కొనే ఇల్లాలు నాలుగు కొన్నప్పుడు ఆమె మనసులో లాభాపేక్ష లేదు, పిల్లల కూటి కోసమే ఆ ఆరాటం. కానీ వీధి వీధంతా అదే ఆరాటపడితే, ఆ సాయంత్రం వచ్చిన కూలివాడికి ఉప్పు లేదు. ఇహ్తికార్‌లో దురుద్దేశం ఉంటుంది. ఇక్కడ దురుద్దేశం లేదు గాని, పేదవాడి మీద పడే దెబ్బ మాత్రం అదే.

సరుకు దాచేవారే లేరని మేము అనడం లేదు. వారి కోసం 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం ఉంది. అది గోదాము తలుపు తెరిపించగలదు గాని, జనం గుండెల్లోని భయాన్ని సోదా చేయలేదు. దానికి మందు నిజమైన లెక్కలు నలుగురికీ తెలియడమే. దుకాణంలో ఎంత అమ్ముడైందో ఫ్యాక్టరీకి నేరుగా తెలియాలి. సరుకు తక్కువైనప్పుడు, అడిగిన లెక్కను బట్టి కాక వెనుకటి అమ్మకాలను బట్టి పంచాలి. ఆ ముగ్గురు ఆచార్యుల సూచనల్లో ఇవీ ఉన్నాయి. మా విద్యార్థి ప్రాజెక్టు కూడా ఈ దారిలోనే సాగుతోంది.

వెళ్తూ ‘‘ఏమైనా చెప్పండి ఉస్తాద్’’ అన్నాడు. ‘‘కంపెనీకి ఎంత మిగిలిందో లెక్క కట్టు. మందు దొరక్క ఎందరు ఉత్తచేతులతో వెనుదిరిగారో ఆ లెక్క కూడా కట్టు’’ అన్నాం. ఇక ఇళ్లలో ఉన్న మనకు మిగిలిన పని చిన్నదే. ఈసారి పుకారు వచ్చిన రోజున, ప్రతి నెలా కొనేంతే కొందాం.