నిండిన యేండ్లు, నడచుచున్న యేడు

“నీ వయస్సెంత?” అను ప్రశ్నకు ఒక్కటే సమాధాన ముండునని పలువురు తలంతురు. కాని తెలుగునాట ఒకే బాలుని గూర్చి తల్లి “పదమూడు నిండినవి” అని చెప్పును. అవ్వ “పదునాలుగవ యేడు నడుచుచున్నది” అని చెప్పును. ఇరువురిలో ఎవరును అసత్యమాడుట లేదు. తల్లి గడచిన యేండ్లను లెక్కించినది. అవ్వ నడచుచున్న యేటిని పేర్కొన్నది. ఇంటిలో ఈ రెండు లెక్కలును కలసిమెలసి యుండగలవు. ఇల్లు దాటి బడికో, కచేరికో, పెండ్లిపందిరికో పోయినప్పుడే ఈ ఒక్క యేటి తేడా బరువైన విషయ మగును.

ఈ తేడావలన ఒక దేశమంతయు చిక్కుపడి, తుదకు చట్టముచేసి ఆ చిక్కును విప్పుకొనవలసి వచ్చినది. అది దక్షిణ కొరియా. అచ్చట తరతరములుగా శిశువు పుట్టిననాడే ఒక యేటివాడని యెంచుచు వచ్చిరి. మరియొక యేడు చేరుట అతడు పుట్టిన దినమున గాదు, నూతన సంవత్సరాదినాడు. కావున డిసెంబరు 31వ తేది రాత్రి జన్మించిన శిశువు తెల్లవారునప్పటికి రెండేండ్లవా డగును! కన్నులైన సరిగా తెరవని పసికందునకు రెండేండ్లన్నచో క్రొత్తగా వినువారికి నవ్వు వచ్చుట సహజమే. సంవత్సరాదినాడు వరిపిండితో చేసిన బిళ్లలను చారులో ఉడికించి తినుట ఆ దేశపు టాచారము. ఒక గిన్నెడు తినినచో ఒక యేడు పెరిగినట్లే. అందుచేత “ఎన్ని గిన్నెలు తింటివి?” అని చమత్కారముగా వయస్సు నడుగుటయు అచ్చట కలదు.

ఆచార మిట్లుండగా, న్యాయస్థానములలో నిండిన యేండ్ల లెక్క చెల్లుచుండెను. సైన్యసేవకును, మద్యము కొనుటకును మూడవ లెక్క యొకటి. నడచుచున్న సంవత్సరపు సంఖ్యనుండి పుట్టిన సంవత్సరపు సంఖ్యను తీసివేసినచో వచ్చునది ఆ లెక్క. ఇట్లు ఒకే మనుష్యునికి ఒకే దినమున మూడు వయస్సులు! ఒప్పందపత్రములో వ్రాసిన వయస్సు ఏ లెక్కకు చెందినదో తెలియక తగవులు పుట్టెను. 2022 డిసెంబరులో ఆ దేశపు శాసనసభ చట్టమును సవరించెను. 2023 జూన్ 28 నుండి ప్రభుత్వ వ్యవహారములందు నిండిన యేండ్లే వయస్సని స్థిరపడెను. ఆనాడు కోట్లకొలది జనులు ఒకటి రెండేండ్లు చిన్నవారైరి. అయినను సైన్యసేవ, మద్యము, పొగాకు అమ్మకము వంటి కొన్నింటికి మాత్రము సంవత్సరపు లెక్కనే యుంచుకొనిరి.

జపానులో ఇట్టి మార్పునకు 1902లోనే చట్టము చేసిరి. ప్రజలు విన్నారు, తల యూచిరి, ఇండ్లకు పోయి పాత లెక్కనే చెప్పుకొనిరి. 1950 జనవరి 1 నుండి మరియొక చట్టము అమలులోనికి వచ్చిన పిదప గాని పాత లెక్క వెనుకబడలేదు. చట్టము వ్రాసినంత త్వరగా అవ్వల నాలుక మారదు కదా!

పుట్టిననాడే ఒక యే డనుటకు కారణమేమి? గర్భమున గడపిన తొమ్మిది నెలలను కలుపుదురని పలువురు చెప్పుదురు. గర్భవాసమును లెక్కించుట భారతీయులకును క్రొత్త గాదు. ఉపనయనమునకు ‘గర్భాష్టమము’ తగిన కాలమని ధర్మశాస్త్రము లనుటలో ఎనిమిదవ యేటిని గర్భము ధరించిన నాటినుండియే లెక్కింతురు. అయినను కొరియా లెక్కకు మరియొక కారణము చెప్పుటయే సబబుగా తోచుచున్నది. తొమ్మిది నెలలే ఒక యేడైనచో, తరువాతి యేడు సంవత్సరాదినాడు ఏల చేరవలెను? అది ‘ఎన్ని యేండ్లు గడచినవి’ అను లెక్క గాదు, ‘ఎన్నవ సంవత్సరమును చూచుచున్నాడు’ అను లెక్క. రాజుల శాసనములలో పట్టాభిషేకపు తొలి యేటిని మొదటి యేడనియే వ్రాయుదురు. సున్న యేడని ఎవరును వ్రాయరు. ఆ తీరుననే శిశువు తన మొదటి సంవత్సరమున ఉన్నాడు. ఇందు తెలివితక్కువ యేమియు లేదు.

పైగా ఈ లెక్కలో ఒక అందము కూడ కలదు. దేశమున నున్న వారందరు ఒకేనాడు ఒక యేడు పెద్దవారగుదురు; రాజు, పేద అను భేదము లేదు. చైనీయుల ఆచారమున సంవత్సరాది మొదలు ఏడవ దినము ‘మానవుల దినము’. అది సకలజనుల పుట్టినరోజు. మలేషియా, సింగపూరులలో నున్న చైనీయులు నేటికిని ఆ దినమున పచ్చిచేప ముక్కలును, కూరగాయల తురుమును కలిపి అందరు కూడి తిందురు. కేకు కోయుటకు ఒక్క బాలుని నడుమ నిలిపి తక్కినవారు చుట్టును నిలుచు వేడుకకంటె ఇది తక్కువదని ఎవ రనగలరు?

ఇక ఒకే పుట్టినరోజు కలిగియుండుటకు ఆచారమే అక్కరలేదు; లెక్కలే చాలును. ఒక గదిలో 23 మంది యున్నచో, వారిలో ఏ యిద్దరికైనను ఒకే పుట్టినరోజు ఉండుటకు సగముకంటె కొంచె మెక్కువ అవకాశము కలదు. 23 మందిని జతలుగా కూర్చినచో 253 జత లగుటయే దీనికి మూలము. 40 మంది విద్యార్థులున్న తరగతిలో ఆ అవకాశము నూటికి సుమారు 89. నమ్మనివారు తమ తరగతి హాజరుపట్టీ చూచుకొనవచ్చును.

తెలుగువారి పెద్దలకు పుట్టినరోజు తేదినిబట్టి గాక తిథినిబట్టి వచ్చుచుండెను. కృష్ణాష్టమి యేటేట వేరువేరు తేదులలో వచ్చునట్లే ఆ పుట్టినరోజును జరుగుచుండును. 19 సౌర సంవత్సరములకు 235 చాంద్రమాసములు దాదాపు సరిపోవును గనుక, పందొమ్మిదేండ్లు నిండిననాడు తిథియు తేదియు మరల ఇంచుమించు కలిసికొనును. 60 యేండ్లు నిండినపుడు పుట్టిన సంవత్సరపు పేరే తిరిగి వచ్చును. 1959లో ఆరంభమైన వికారి 2019లో మరల వచ్చెను. షష్టిపూర్తి ఈ లెక్కమీదనే నిలిచియున్నది.

ఇంత సొగసైన లెక్కలున్న నాటనే వేలకొలది పెద్దల పత్రములలో పుట్టిన తేది జూన్ 1 లేక జూలై 1 అని యుండుట విచారింపదగినది. గోదావరి పుష్కరముల యేడనియో, 1977 నాటి దివిసీమ ఉప్పెనకు ముందనియో తల్లికి జ్ఞాపకముండెను. తేది మాత్రము తెలియదు. బడిలో చేర్చుకొను ఉపాధ్యాయుడు బాలుని చూచి, ఒక యేటిని ఊహించి, బడి తెరచు నెలలోనిదో, దాని ప్రక్క నెలలోనిదో ఒక తేదిని రిజిస్టరులో వ్రాసెను. ఆ ఒక్క గీత ఆ బాలుని ఉద్యోగమును, విరమణను, పింఛనును నడిపినది. మానవుల దినమునాడు అందరు కలసి పెద్దవారగుట వేడుక. ఇది వేడుక గాదు, ఎవరో నిర్ణయించిన పుట్టుక.

అంతకంటె కష్టమైనది ఆడపిల్ల విషయము. “మా అమ్మాయికి పదునెనిమిదవ యేడు వచ్చినది” అని తండ్రి పెండ్లిమాట తలపెట్టును. ఆచారపు లెక్కలో అతడు చెప్పినది నిజమే. కాని ఆమెకు నిండినవి పదునేడే. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము పదునెనిమిది యేండ్లు నిండని బాలికను పిల్లగానే యెంచును. ఆ ఒక్క యేడు ఆమెకు ఇంటర్మీడియటు పరీక్ష కావచ్చును, కళాశాల కావచ్చును, తన మాట తాను చెప్పుకొనగల ధైర్యము కావచ్చును. ఇట్టిచోట అవ్వ లెక్క యెంత ముద్దైనదైనను చెల్లరాదు. 1875 నాటి మెజారిటీ చట్టము ఈ విషయమున మిక్కిలి నిర్దిష్టముగా నున్నది: పుట్టిన దినమును పూర్తి దినముగా లెక్కించి, పదునెనిమిదవ వార్షికదినము ఆరంభమగుటతోనే వ్యక్తి వయోజను డగునని చెప్పుచున్నది. అంతకు ముందు దినము రాత్రివరకు కాడు.

కాని ఏ లెక్కకైనను మొదట తేది యుండవలెను. జనన మరణముల నమోదు చట్టము 1969లో వచ్చినది. దాని సవరణ 2023 అక్టోబరు 1 నుండి అమలగుచున్నది. ఆ దినము మొదలు పుట్టినవారికి బడిలో చేరుటకును, ఓటరు పట్టీ కెక్కుటకును, ఉద్యోగమునకును జననపత్రమే తేదికి సాక్ష్యము. వారు బడిలో చేరునాడు ఉపాధ్యాయుడు తేదిని ఊహింప నక్కరలేదు, పత్రమును చూచి వ్రాసికొనును. ఇంటికి పోయినపిమ్మట అవ్వ ఆ బాలునికి ఎన్నవ యేడని చెప్పునో, అది ఆమె యిష్టము.