మాట తప్పని వీరుడు... మనసున్న దొంగ!

తలుపు దబదబా బాదుతున్నారు. బయట క్రూరుడైన ప్రభువు పంపిన సైనికులు. లోపల నేలమాళిగలో బిక్కుబిక్కుమంటూ పన్నెండుమంది పిల్లలు. గుమ్మంలో ఇద్దరు నిలబడ్డారు. ఒకరు అబద్ధం ఆడనని దేవుడి ముందు ప్రమాణం చేసిన వీరుడు. రెండోవాడు డబ్బొస్తుందంటే దేన్నయినా అమ్మేసే దొంగ.

‘పిల్లలెక్కడో చెబితే అయిదొందల బంగారు నాణేలు’ అన్నాడు సైన్యాధికారి, సంచీ గలగలలాడిస్తూ.

ఇప్పుడేం చేయాలి?

ఇది సినిమాలో సన్నివేశం కాదు. బల్ల చుట్టూ చేరిన నలుగురైదుగురు స్నేహితులు ఆడుతున్న ఆటలో ఓ ఘట్టం. ఒకరు కథ నడిపిస్తుంటారు. మిగతావాళ్లు తలో పాత్రలో దూరిపోయి ‘నేనిలా చేస్తా’ అంటుంటారు. ఆ ప్రయత్నం ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఈ తరహా ఆటలకు దారి వేసింది ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. అమెరికాకు చెందిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆట 1974లో వచ్చింది. మరుసటి ఏడాది వెలువడిన అనుబంధ పుస్తకంలో ఈ వీరుడూ ఆ దొంగా ఒకేసారి అడుగుపెట్టారు. వీరుడి పేరు పాలడిన్. షార్లమేన్ చక్రవర్తి కొలువులోని పన్నెండుమంది యోధులకు పాత గాథల్లో ఉన్న పేరది. దొంగ పేరు మొదట్లో థీఫ్. 2000లో ‘రోగ్’ అయ్యాడు.

పాలడిన్‌గా ఆడటమంటే కత్తిమీద సామే. 1978 నాటి నిబంధనల ప్రకారం అతను సంపాదనలో పదోవంతు దైవకార్యానికి ఇచ్చేయాలి. మంత్రశక్తి ఉన్న వస్తువులు పదికి మించి దగ్గర పెట్టుకోకూడదు. కట్టుబాటు తప్పితే మతగురువు ముందు ఒప్పుకుని ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. తెలిసి తెలిసి దుర్మార్గానికి ఒడిగట్టాడా... దైవమిచ్చిన శక్తులు పోయినట్టే. ఇక తిరిగిరావు. ‘అశ్వత్థామ హతః’ అన్న తర్వాత నేలకు దిగిపోయిన ధర్మరాజు రథం గుర్తొస్తోంది కదూ!

రోగ్‌కి ఆ బాధల్లేవు. తాళాలు తీయడం, ఉచ్చుల్ని పసిగట్టడం, చీకట్లో చప్పుడు కాకుండా నడవడం అతని విద్యలు. ఏ ప్రమాణమూ లేదు కాబట్టి ఎవరూ అతని నుంచి మంచి ఆశించరు. అలాంటివాడు ఒక్క మంచిపని చేస్తే చాలు, బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా పొంగిపోతారు.

మళ్లీ గుమ్మం దగ్గరికొద్దాం. ‘లోపల మశూచి రోగి తప్ప ఎవరూ లేరు దొరా’ అని రోగ్ చల్లగా నవ్వాడు. పాచిక కలిసొచ్చింది. సైనికులు రెండడుగులు వెనక్కివేసి వెళ్లిపోయారు. పిల్లలు బతికారు. అసలు గొడవ అప్పుడు మొదలైంది. అబద్ధం చెప్పింది దొంగ. పక్కనే నిలబడి విని ఊరుకున్న వీరుడి ప్రమాణం నిలిచినట్టేనా? నిజం చెప్పి పిల్లల్ని అప్పగిస్తే అది ధర్మమయ్యేదా? ఇక అయిదొందల నాణేలు వదులుకున్న దొంగకు తన దగ్గరా అమ్మకానికి లేనిదొకటి ఉందని తెలిసొచ్చింది.

అయితే ఈ పాత్రల్ని చెడగొట్టేవాళ్లూ ఉంటారు. పాలడిన్ వేషం కట్టి అందరికీ నీతులు చెబుతూ ఆటను బడిగా మార్చేవారు కొందరు. రోగ్‌నంటూ తోటి ఆటగాళ్ల జేబులే కొట్టేవారు మరికొందరు. నిలదీస్తే ‘నేనేం చేయను, నా పాత్ర అంత’ అంటారు. కానీ ఆ పాత్రను ఎంచుకున్నదీ, దానితో మాట్లాడిస్తున్నదీ వాళ్లే కదా!

కాలంతోపాటు నియమాలూ సడలాయి. 2014 నాటి పుస్తకంలో పాలడిన్‌కు ఒకే మూస లేదు. ఎవరి ప్రమాణం వారిది. ప్రతీకారం తీర్చుకుంటానన్నదీ ప్రమాణమే. 2023లో వచ్చిన కంప్యూటర్ గేమ్ ‘బాల్డర్స్ గేట్ 3’లో అయితే మాట తప్పిన పాలడిన్ ముందు, ఒకప్పుడు తానూ మాట తప్పిన ఓ యోధుడు ప్రత్యక్షమవుతాడు. మళ్లీ పాత దారికి వెళతావా, కొత్త దారి పడతావా అన్నది ఆడేవారి ఇష్టం.

కత్తి తగిలిందో లేదో పాచిక చెబుతుంది. గుమ్మంలో నిలబడి ఏం చెప్పాలో మాత్రం ఆడేవాళ్లే తేల్చుకోవాలి.