అక్కాచెల్లెళ్ళ నవల: ఒక అభ్యంతరం

ఉమ్రాకొచ్చిన మా కడప బంధువుల పెట్టెలో అప్పడాలు, పచ్చళ్ళ మధ్య ఒక తెలుగు నవల వచ్చింది. మదీనాలో మాకు తెలుగు పుస్తకాలు చాలావరకు ఇలాగే చేరతాయి, యాత్రికుల సామాను సందుల్లో.

అక్కాచెల్లెళ్ళ కథ. అక్క ఇద్దరు పిల్లల్ని వదిలి గల్ఫ్‌కు పోతుంది. చెల్లెలు వాళ్ళను సాకుతుంది. పదేళ్ళకు అక్క తిరిగొస్తే కూతురు మొహం చాటేస్తుంది. ఆఖరి అధ్యాయంలో ముసలితల్లి మంచం పక్కన అక్క కూతురి కాళ్ళు పట్టుకుని క్షమించమంటుంది. అందరూ ఏడుస్తారు. ఇల్లు మళ్ళీ ఇల్లవుతుంది.

నేనూ ఏడ్చాను. ముందే ఒప్పుకుంటున్నాను. నవల పేరు చెప్పను, ఎందుకంటే నా తగాదా ఆ ఒక్క పుస్తకంతో కాదు. ఇదే ముగింపు వేరే పేర్లతో ఇంతకుముందూ చదివాను, మెచ్చుకున్నాను కూడా.

మా భవనంలోనే ఒక అరబ్బుల ఇంట్లో రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒకామె పనిచేస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం గంటసేపు మా ఇంటికొచ్చి కూర్చుంటుంది. చదువు రాదు. కథ తన కథలాగే ఉందని, నాలుగు శుక్రవారాలు నవల చదివి వినిపించాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఆమె ఏం తప్పు చేసిందక్కా, కాళ్ళు పట్టుకునేదానికి?" అంది. కాసేపాగి, "మొగుడేమయినాడు ఈ కతలో?" అనడిగింది.

పేజీలు వెనక్కి తిప్పాను. మూడో అధ్యాయంలో అప్పులు చేశాడు, ఐదో అధ్యాయంలో చచ్చిపోయాడు. మొగుడు చేసిన అప్పుకు పెళ్ళాం చేత క్షమాపణ చెప్పించి, దాన్ని కుటుంబం ఒక్కటి కావడం అంటున్నామన్నమాట! నా అభ్యంతరం అక్కడే.

ఆమె పోవడం ఆమె ఇష్టమేనని మన నవలలు గట్టిగా నమ్ముతాయి. సరే, ఆ దారి ఎలా ఉంటుందో చూడండి. పదో తరగతి దాటని వాళ్ళకు మన దేశం ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తుంది. ఆ పాస్‌పోర్టున్న ఆడమనిషి గల్ఫ్‌లో ఇంటిపనికి పోవాలంటే 30 ఏళ్ళు నిండాలి. వయసులో ఉన్న పిల్లల్ని కాపాడడానికి పెట్టిన నియమమే, కాదనను. కానీ మా సీమలో బడిమొహం సరిగా చూడని ఆడపిల్లకు 30 ఏళ్ళు నిండేసరికి ఎంతమంది బిడ్డలుంటారో ఎవరినడిగినా చెబుతారు. అంటే ఆ నియమం గాలించి పంపేది ఎక్కువగా తల్లుల్నే. ఇక 2013లో సౌదీ ప్రభుత్వం ఇంటిపనివాళ్ళ కోసం తెచ్చిన నియమావళి ఏమందో తెలుసా? రెండేళ్ళు పనిచేసి మళ్ళీ కొనసాగేవాళ్ళకు నెల రోజులు జీతంతో సెలవు. అది కూడా లేని రోజులకన్నా నయమే. కానీ రెండేళ్ళకొక నెల చొప్పున లెక్క కట్టండి. పదేళ్ళ తల్లితనం అయిదు నెలలు కూడా దాటదు. ఈ లెక్క నవలలో ఎక్కడా లేదు. కూతురి కోపం మాత్రం ఇరవై పేజీలు ఉంది.

చెల్లెలి సంగతి ఇంకా అన్యాయం. ఆమెను దేవతను చేసి మూల కూర్చోబెట్టారు. ఆమెకు పెళ్ళెందుకు కాలేదు, కన్నబిడ్డల్లా చూసుకున్నవాళ్ళను ఒక్క రాత్రిలో అక్కకు ఒప్పజెప్పేటప్పుడు ఆమె గుండెలో ఏం జరిగింది, ఒక్క వాక్యం లేదు. త్యాగం అనేశాక ఇంక అడగడానికేముంటుంది!

పెంచిన తల్లి విషయంలో నేనుంటున్న ఊరి చరిత్ర మనకంటే ఉదారంగా ఉంది. పాలిచ్చిన ఆమె తల్లే, ఆ పాలు పంచుకున్న పిల్లలు తోబుట్టువులే అంటుంది ఇస్లామ్ ధర్మశాస్త్రం. ప్రవక్త (స) తల్లి ఆమినా మదీనా నుంచి మక్కాకు తిరిగిపోతూ దారిలో అబ్వా దగ్గర చనిపోతే, ఆరేళ్ళ పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని ఇల్లు చేర్చింది ఉమ్మె ఐమన్. ఆ ఇంటి బానిస ఆమె. ఆమె పేరు ఇప్పటికీ గౌరవంగా తలుస్తారు. ఈవేళ ఇదే ఊళ్ళో పరాయి బిడ్డలకు సీసాతో పాలుపట్టి పెంచుతున్న మనవాళ్ళకు 'ఖద్దామా' అన్న పేరు తప్ప ఇంకో పేరు లేదు.

నవల నవలలా ఉండాలిగానీ చట్టాల జాబితాలా ఉంటే ఎవరు చదువుతారు అని మీరడగవచ్చు. ఒమన్ రచయిత్రి జోఖా అల్‌హార్సీ 2010లో అరబ్బీలో 'సయ్యిదాత్ అల్ కమర్' రాసింది. 2019లో దాని ఇంగ్లీషు అనువాదానికి ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది. అరబ్బీ నుంచి ఆ బహుమతి పొందిన మొదటి పుస్తకం అదే. అదీ అక్కాచెల్లెళ్ళ కథే. మయ్యా, అస్మా, ఖౌలా ముగ్గురు. వాళ్ళ పెళ్ళిళ్ళు, బిడ్డలు, అలకలు అన్నీ ఉన్నాయి. కానీ మయ్యా మొగుడు అబ్దల్లాను, తల్లిలేని పసివాణ్ణి, పెంచింది జరీఫా అనే బానిస. రచయిత్రి ఆమెను వంటింట్లో వదిలేయలేదు. ఆమె కోపం, మోహం, తిండి, మాట అన్నీ పుస్తకంలోకి తెచ్చింది. నవల ఏమీ పాడవలేదు సరికదా, ఆమె వల్లే నిలబడింది.

మనవాళ్ళనూ అలాగే రాయమంటున్నాను. కుటుంబం ఒక్కటి కావద్దనడం లేదు. అక్క రావాలి, కూతురు మాట్లాడాలి. కానీ కాళ్ళు పట్టుకునే ముందు, ఆ అప్పు ఎవరిది, ఆ పదేళ్ళు ఎవరు తిన్నారు అని ఆ ఇంట్లో ఒక్కరైనా అడగాలి. చెల్లెలికి కూడా కోపం వచ్చే హక్కు ఉండాలి.

ఇది సాహిత్య చర్చ మాత్రమే అయితే ఇంత ఆవేశపడేదాన్ని కాను. రాయచోటి ఆమె కూతురు ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. నవలలంటే ప్రాణమట. తల్లి ఫోన్ చేస్తే ఏడాదిగా రెండు మాటలు మాట్లాడి పిన్నికిచ్చేస్తోంది. పుస్తకం మూశాక ఆమె చివరికి అన్న మాట ఇది: "నా బిడ్డ ఇది చదివితే, నేను పోయి కాళ్ళు పట్టుకుంటానేమోనని చూస్తా ఉంటాది గదక్కా."

వచ్చే నెల ఆమె సెలవుకు పోతోంది. కూతురికి ఇమ్మని ఒక పుస్తకం పంపాలని నాకుంది. ఈ నవల మాత్రం కాదు. పంపదగ్గ నవల మనలో ఎవరైనా రాయాలి.