శిక్షణ పత్రం సరే.. పనితనం చూసేదెవరు?

పారామెడికల్ విద్యార్థుల ఆసుపత్రి శిక్షణకు కావాలి ఒక జవాబుదారీ

ఇడుపులపాయ: వైద్యుడు రాసే మందుచీటీ వెనుక ఒక రక్తపరీక్ష ఫలితమో, ఒక ఎక్స్‌రే చిత్రమో ఉంటుంది. ఆ ఫలితం ఇచ్చిన చేయి ఎక్కడ, ఎవరి వద్ద, ఎన్నాళ్లు పని నేర్చుకుందో రోగికి తెలియదు. తెలుసుకునే మార్గమూ లేదు. ల్యాబ్ టెక్నీషియన్లు, రేడియోగ్రాఫర్లు, డయాలసిస్, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్లు, ఫిజియోథెరపిస్టులు లేనిదే నేడు ఏ ఆసుపత్రీ నడవదు. వీరంతా చదువుకునే రోజుల్లో ఆసుపత్రిలో పొందే శిక్షణే తరువాతి కాలంలో లక్షలాది రోగుల భద్రతకు ఆధారం. ఆ శిక్షణకు దేశమంతటా ఒకే ప్రమాణం ఉండాలని 2021లో పార్లమెంటు చట్టం చేసింది. చట్టంలోని ఆ మాట జిల్లా ఆసుపత్రి గడప దాటి లోపలికి రావాల్సి ఉంది.

ఇడుపులపాయ పేరు చెప్పగానే 2008లో ఏర్పాటైన ట్రిపుల్ ఐటీ గుర్తుకొస్తుంది. పదో తరగతి మార్కుల ఆధారంగా అక్కడ సీటు దొరికినవారు ఇంజినీరింగ్ వైపు సాగిపోతారు. దొరకని గ్రామీణ విద్యార్థుల్లో పలువురికి ఇంటర్ ఒకేషనల్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు, లేదా రెండేళ్ల డిప్లొమా త్వరగా ఉపాధి చూపే దారిగా కనిపిస్తుంది. వేంపల్లె, చక్రాయపేట, వేముల మండలాల పల్లెల నుంచి వచ్చే ఇలాంటి పిల్లలకు పని నేర్పాల్సిన ఆసుపత్రులు కడప, ప్రొద్దుటూరు, పులివెందుల, జమ్మలమడుగులలో ఉన్నాయి. చదువు ఒకచోట, శిక్షణ మరోచోట. ఈ రెంటి నడుమే అసలు సమస్య ఉంది.

ఎవరి విద్యార్థి? ఎవరి బాధ్యత?

ఒకేషనల్ విద్యార్థికి ఇంటర్మీడియట్ బోర్డు పరీక్ష పెడుతుంది. ఇంటర్ పూర్తయ్యాక ఆ విద్యార్థి ఆసుపత్రిలో ఏడాదిపాటు క్లినికల్ శిక్షణ పొందితేనే పారామెడికల్ రిజిస్ట్రేషన్‌కు అర్హత వస్తుంది. డిప్లొమా కోర్సులను పారామెడికల్ బోర్డు వ్యవస్థ చూస్తుంది. ఫిజియోథెరపీ, బీఎస్సీ ఎంఎల్‌టీ వంటి డిగ్రీలు విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోనివి.

ఆసుపత్రుల వైపు చూస్తే అక్కడా ఇదే పరిస్థితి. కడపలో 2006లో రిమ్స్‌గా మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి వైద్యవిద్య సంచాలకుల కింద ఉంది. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి వంటివి వైద్య విధాన పరిషత్ కింద పనిచేసి, ఇటీవలి సంవత్సరాల్లో సెకండరీ హెల్త్ విభాగం కిందికి వచ్చాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి అజమాయిషీలో నడుస్తాయి. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కు 2002 నాటి రాష్ట్ర చట్టం వేరే ఉంది.

ఇన్ని కార్యాలయాలున్నా, ఒక విద్యార్థిని ఉదయం తొమ్మిది గంటలకు ల్యాబ్‌లో అడుగుపెట్టింది మొదలు సాయంత్రం బయటకు వచ్చేదాకా ఆమె ఏం నేర్చుకుందో సమాధానం చెప్పాల్సిన అధికారి ఎవరన్నది స్పష్టంగా ఉండదు. కళాశాలను అడిగితే ఆసుపత్రికి పంపామంటుంది. ఆసుపత్రిని అడిగితే హాజరు వేశామంటుంది. బోర్డు చేతికి పత్రం అందుతుంది. ముగ్గురూ తమ పని తాము చేసినట్టే లెక్క. విద్యార్థికి పని వచ్చిందా లేదా అన్న ప్రశ్న మాత్రం ఎవరి దస్త్రంలోనూ ఉండదు.

రోజుల లెక్క వేరు, చేతిపని వేరు

రక్తం తీయడం చూసేవారికి చిన్న పనే. నేర్చుకునేవారికి అందులో పది మెట్లున్నాయి. రోగి పేరు అడిగి చీటీతో సరిచూడాలి. చేతికి కట్టిన పట్టీని ఎక్కువసేపు ఉంచకూడదు. రక్తకణాల లెక్కకు ఊదారంగు మూత గొట్టం, రక్తం గడ్డకట్టే సమయం చూసేందుకు నీలిరంగు మూత గొట్టం వాడాలి. నీలి గొట్టంలో ఒక పాలు మందుకు తొమ్మిది పాళ్ల రక్తం పడాలి. గీత వరకు నిండకపోతే ఫలితం తప్పుతుంది. గొట్టం మీద పేరు రోగి పక్కనే రాయాలి. తరువాత రాద్దామనుకుంటే ఒకరి రక్తం మరొకరి పేరు మీదకు వెళుతుంది. యంత్రం సరిగా చూపుతోందో లేదో రోజూ కంట్రోల్ నమూనాతో పరీక్షించి, ఆ అంకెను పట్టికలో నమోదు చేయాలి. ఇవేవీ తరగతి గదిలో బోర్డు మీద రాస్తే వచ్చేవి కావు.

ఒక ల్యాబ్‌లో రోజుకు 60 మందికి రక్తం తీస్తారనుకుందాం. అక్కడికి 30 మంది శిక్షణార్థులు వస్తే, సిబ్బంది ఒక్కరికీ తీయకుండా మొత్తం వారికే వదిలినా తలకు రెండుకు మించి దక్కవు. వాస్తవంలో రద్దీ వేళ సీనియర్ టెక్నీషియన్ తానే పని ముగించేస్తాడు. విద్యార్థి రిజిస్టరు రాయడానికో, నమూనాలు అటూఇటూ మోయడానికో పరిమితమవుతాడు. ఏడాది గడుస్తుంది, హాజరు నిండుతుంది, పత్రం వస్తుంది. ఆసుపత్రిలో ఎంతమందికి నేర్పగల వెసులుబాటు ఉందో లెక్కించకుండా, కళాశాలలో ఎన్ని సీట్లున్నాయో చూసి పంపితే జరిగేది ఇదే.

నర్సింగ్ విద్యలో ఈ లెక్క కొంత మెరుగు. ఒక విద్యార్థికి ముగ్గురు రోగుల నిష్పత్తి ఉండాలని భారత నర్సింగ్ మండలి నిర్దేశించింది. ల్యాబ్‌కు పడకల లెక్క చాలదు. రోజువారీ పరీక్షలెన్ని, బల్లలెన్ని, నేర్పగల అర్హులెందరు అన్నవే అక్కడ ప్రమాణం కావాలి. ఎక్స్‌రే గదికి, డయాలసిస్ విభాగానికి ఎవరి కొలత వారికి వేరుగా ఉండాలి.

మన ప్రాంతంలో ఈ నాణ్యతకు మరింత విలువ ఉంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పరిసరాల్లో నాపరాయి గనులు, పాలిష్ యూనిట్లు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు ఆస్‌బెస్టాస్ గనులు నడిచాయి. రాతి దుమ్ము పీల్చిన కార్మికుడి ఊపిరితిత్తుల్లో మచ్చను తొలిదశలో పట్టివ్వాల్సింది ఛాతీ ఎక్స్‌రే. రోగి ఊపిరి బిగబట్టకముందే మీట నొక్కినా, కుడి ఎడమల గుర్తు పెట్టకపోయినా ఆ చిత్రం పనికిరాదు. మళ్లీ తీయాలంటే రోగికి రెండోసారి రేడియేషన్, కూలీ పోయిన మరో రోజు.

సూది గుచ్చుకుంటే..

శిక్షణార్థి భద్రత మరో పార్శ్వం. ఆసుపత్రి వ్యర్థాలను నిర్వహించే సిబ్బందికి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు చెబుతున్నాయి. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు. మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. విద్యార్థి ఆసుపత్రిలో చేరిన రోజున మొదలుపెడితే శిక్షణలో సగం కాలం పూర్తి రక్షణ లేకుండానే గడుస్తుంది. కళాశాలలో చేరిన నెలలోనే టీకా మొదలైతే ఈ చిక్కు ఉండదు.

వాడిన సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ నివారణ మందు వీలైతే రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. రాత్రివేళ ఆ మందు ఎక్కడుంటుందో, ఎవరిని అడగాలో తెలియని విద్యార్థిని భయపడి ఎవరికీ చెప్పకుండా ఊరుకునే ప్రమాదం ఉంది. జీతం తీసుకునే ఉద్యోగి అయితే నష్టపరిహారం అడగగలడు. శిక్షణార్థి ఉద్యోగీ కాదు, రోగీ కాదు. అతనికి వైద్యం చేయించే ఖర్చు ఎవరిదో ముందే రాసుకోకపోతే ఆ భారం తల్లిదండ్రుల మీదే పడుతుంది.

ఎక్స్‌రే గదిలో పనిచేసేవారు రేడియేషన్ కొలిచే బ్యాడ్జి ధరించాలి. 16 నుంచి 18 ఏళ్ల లోపు శిక్షణార్థులకు ఏడాదికి 6 మిల్లీసీవర్టులకు మించి రేడియేషన్ సోకరాదని అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి విధించింది. బ్యాడ్జి లేనిదే ఆ పరిమితి దాటిందో లేదో చెప్పేదెలా?

ప్రయాణం కూడా భద్రతలో భాగమే. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో విద్యార్థినులకు ఆర్టీసీ బస్సు చార్జీ భారం తగ్గింది. రాత్రి డ్యూటీ ముగిశాక ఇడుపులపాయ వైపు పల్లెలకు బస్సు దొరకడం వేరే సంగతి. రాత్రి విధులు వేసే ఆసుపత్రి వసతి చూపాలి, లేదా ఆ విధులు వేయకూడదు.

చట్టంలో ఉన్నది

ఈ రంగంలో దేశానికి సుమారు 64 లక్షల మంది నిపుణుల కొరత ఉందని కేంద్ర ఆరోగ్య శాఖ కోసం రూపొందిన 2012 నివేదిక అంచనా వేసింది. వైద్యులకు, నర్సులకు, ఫార్మసిస్టులకు జాతీయ మండళ్లు ఉండగా వీరికి లేకపోవడాన్ని సరిదిద్దేందుకే 2021 మార్చిలో జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం వచ్చింది. డిప్లొమా స్థాయి అనుబంధ వృత్తికి కనీసం 2,000 గంటలు, డిగ్రీ స్థాయి ఆరోగ్య సంరక్షణ వృత్తికి కనీసం 3,600 గంటల చదువు ఉండాలని నిర్దేశించింది. పాఠ్యాంశాలు, వసతులు, అధ్యాపకులు, శిక్షణ, పరీక్షలకు కనీస ప్రమాణాలు నిర్ణయించే అధికారం కమిషన్‌కు, రాష్ట్రంలో సంస్థలను తనిఖీ చేసే బాధ్యత రాష్ట్ర మండలికి ఇచ్చింది.

అమలు నత్తనడకన సాగింది. చట్టాన్ని అమలు చేయకపోవడంపై విచారించిన సుప్రీంకోర్టు, 2024 అక్టోబరు 12లోగా తగిన చర్యలు తీసుకోవాలని కేంద్రాన్ని, రాష్ట్రాలను 2024 ఆగస్టులో ఆదేశించింది. 2025 ఏప్రిల్‌లో ఫిజియోథెరపీ, డయాలసిస్, మెడికల్ ఇమేజింగ్, మత్తు - ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీ సహా పది కోర్సులకు కొత్త నమూనా పాఠ్య ప్రణాళికలు వెలువడ్డాయి. ఢిల్లీలో ప్రణాళిక మారినంత మాత్రాన ప్రొద్దుటూరు ల్యాబ్‌లో బోధన మారదు. గంటల లెక్క చట్టంలో ఉంది. ఆ గంటల్లో ఎవరు, ఏమి, ఎంతమందికి నేర్పాలన్నది ఆసుపత్రికీ కళాశాలకూ మధ్య తేలాలి.

బ్రిటన్‌లో 15 ఆరోగ్య వృత్తులను ఒకే మండలి నియంత్రిస్తోంది. విద్యార్థి ఆసుపత్రిలో ఉన్నా కోర్సు నాణ్యతకు తుది బాధ్యత విద్యాసంస్థదేనని, శిక్షణ స్థలాన్ని ముందుగా పరిశీలించి, తరువాతా పర్యవేక్షించాలని, నేర్పే సిబ్బంది తగినంతమంది ఉండాలని ఆ మండలి ప్రమాణాలు చెబుతున్నాయి. బాధ్యుడెవరో ముందే తేల్చడం ఇందులో మనం గ్రహించాల్సిన అంశం. దానికి విదేశీ నిధులు అక్కర్లేదు.

పులివెందుల ముందున్న అవకాశం

పులివెందులలో నిర్మించిన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి 2024 మార్చిలో ప్రారంభమైంది. అదే ఏడాది 50 ఎంబీబీఎస్ సీట్లకు జాతీయ వైద్య కమిషన్ అనుమతించగా, వసతులు చాలవంటూ రాష్ట్ర ప్రభుత్వం వాటిని వద్దనుకుంది. 2025 సెప్టెంబరులో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నడపదలచిన పది కళాశాలల జాబితాలో పులివెందుల చేరింది. ఈ నిర్ణయాలపై రాజకీయ పక్షాల వాదోపవాదాలు అందరికీ తెలిసినవే.

ఈ వివాదంలో పారామెడికల్ విద్యార్థి ఊసు ఎక్కడా వినిపించలేదు. బోధన కోసమే కట్టిన ఆసుపత్రిలో ల్యాబ్, ఎక్స్‌రే, థియేటర్ విభాగాల్లో పని నేర్పడానికి ఎంబీబీఎస్ తరగతులు మొదలయ్యేదాకా ఆగనవసరం లేదు. నిర్వహణ ఎవరి చేతిలో ఉన్నా, స్థానిక ప్రభుత్వ కళాశాలల విద్యార్థులకు ఇన్ని శిక్షణ స్థానాలు, రుసుము ఇంత, నేర్పే సిబ్బంది ఇందరు అని ఒప్పందంలో రాయించుకోవడం ముఖ్యం. ఒప్పందం కుదిరాక అడిగితే అది దయ అవుతుంది, ముందు రాయించుకుంటే హక్కు అవుతుంది. జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీ కాలంలో వెలసిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి చరిత్ర చూసినా, ఒక మారుమూల పట్టణానికి మంచి ఆసుపత్రి ఎంత అండగా నిలవగలదో అర్థమవుతుంది.

జిల్లాలోనే చేయదగినవి

రాష్ట్ర మండలి నుంచి ఆదేశాలు వచ్చేదాకా చేతులు ముడుచుకోవాల్సిన పనిలేదు. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి, ఆసుపత్రుల సమన్వయాధికారి, కడప, ప్రొద్దుటూరు ఆసుపత్రుల సూపరింటెండెంట్లు, కళాశాలల ప్రిన్సిపాళ్లతో ఒక కమిటీ వేయవచ్చు. ప్రతి విభాగం ఏడాదికి ఎంతమందికి నేర్పగలదో ఆసుపత్రే ప్రకటించాలి. ఆ సంఖ్య నోటీసు బోర్డు మీద ఉండాలి. కళాశాల ప్రవేశాలు దాని ప్రకారమే సాగాలి.

ప్రతి శిక్షణార్థికీ ఒక సీనియర్ టెక్నీషియన్‌ను బాధ్యుడిగా నియమించాలి. నేర్పే సమయాన్ని అతని విధుల్లో భాగంగా లెక్కించాలి. లేకుంటే రోజంతా రద్దీతో సతమతమయ్యే ఉద్యోగికి ఇది అదనపు బరువవుతుంది, విద్యార్థి మీద విసుగవుతుంది. లాగ్‌బుక్‌లో తేదీలకు బదులు పనులుండాలి. చూసినవి ఎన్ని, పర్యవేక్షణలో చేసినవి ఎన్ని, సొంతంగా చేయగలిగినవి ఎన్ని అన్న మూడు గళ్లు చాలు. చివర్లో శిక్షణ ఇచ్చినవారు కాకుండా మరో ఆసుపత్రి నిపుణుడు పరీక్షించాలి. ఈ లాగ్‌బుక్‌ను ఫోనులో నింపే ఏర్పాటును ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ విద్యార్థులకు ప్రాజెక్టుగా అప్పగిస్తే జిల్లాకు ఖర్చు పెద్దగా ఉండదు.

రోగి మాటకూ చోటుండాలి. రక్తం తీయబోయేది విద్యార్థి అని చెప్పి అనుమతి అడగడం మర్యాద, హక్కు కూడా. ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చే పేదవాడి చేయి ప్రయోగాలకు వదిలేసిన చేయి కాకూడదు. పక్కన పర్యవేక్షకుడు నిలబడి ఉంటే కాదనే రోగులు తక్కువే ఉంటారు.

వీటిలో కొత్త భవనం అడిగేది ఒక్కటీ లేదు. కావాల్సినవి ఒక ఉత్తర్వు, ఒక రిజిస్టరు, సంతకం చేసే ముందు పని చూసే అధికారి. శిక్షణ పత్రం మీద పడే ప్రతి సంతకం ఒక హామీ. ఆ హామీని నమ్మి వేంపల్లెలోనో, జమ్మలమడుగులోనో రేపు ఒక రోగి చేయి చాస్తాడు. ఆ నమ్మకానికి జవాబుదారీ ఎవరో జిల్లా యంత్రాంగం ఈ విద్యా సంవత్సరంలోనే తేల్చాలి.