చౌకదేశములందు కాపురము

యజమాని అమెరికాలో నుండును. జీతము డాలర్లలో వచ్చును. పని యంతయు లాప్‌టాప్ మీదనే జరుగును. ఇక కాపురము ఖరీదైన న్యూయార్కులోనే యేల యుండవలెను? అద్దెయు తిండియు చౌకయైన లిస్బనులోనో, మెక్సికో నగరములోనో, చియాంగ్ మాయిలోనో పదియేండ్లు గడపరాదా? ఈ లెక్క మొదట పాశ్చాత్యులలో బుట్టినది. నేడు హైదరాబాదు, విశాఖపట్టణముల యువకులలోను కొందఱు దీనిని వేసికొనుచున్నారు. న్యాయవాద వృత్తిలో నుండుటచే ఈ ప్రశ్న మా బల్లమీదికిని వచ్చుచున్నది. వచ్చినవారు వీసాను గుఱించి యడుగుదురు, పన్నును గుఱించి యడుగుదురు. తాము పోవదలచిన యూరివారి సంగతి యేమని యడుగువారు అరుదు. ఆ యడుగని ప్రశ్ననే యిచ్చట విచారింపదలచితిమి.

2020 నాటి మహమ్మారి యింటినుండి పనిచేయుటను లోకమునకు నేర్పినది. ఆ యేటి ఆగస్టులోనే ఎస్టోనియా యిట్టివారికి ప్రత్యేకపు వీసా నేర్పఱచెను. పిమ్మట పోర్చుగల్, మలేషియా, స్పెయిన్ ఆ దారిని బట్టినవి. 2024 జులైలో థాయిలాండు ఐదేండ్లు చెల్లు వీసాను బ్రకటించి, ఐదులక్షల బాట్ల నిలువ చూపువానికి విడతకు 180 దినములుండ ననుమతించెను. దేశములు దుకాణములవలె తలుపులు దెఱచి, మా యూరికి రండు, మా యూరికి రండని పోటీపడుచున్నవి.

ఈ బేరమున పోర్చుగల్ అనుభవము చక్కని పాఠము. 2009 లో ఆ ప్రభుత్వము క్రొత్తగా నివాసమునకు వచ్చువారికి పదియేండ్ల పన్ను రాయితీ నిచ్చెను. నిర్ణీతములైన కొన్ని వృత్తులవారికి అచ్చటి యాదాయముపై నూటికి 20 మాత్రమే పన్ను. విదేశపు రాబడిలో పెక్కు భాగమునకు అదియు లేదు. స్థానికునిపై నన్ననో, రాబడి పెరిగినకొలది నూటికి 48 వఱకు. 2022 అక్టోబరు చివర దూరపు కొలువువారికి వేఱొక వీసా వచ్చినది. దానికి గావలసిన నెలసరి రాబడి ఆ దేశపు కనీస వేతనమునకు నాలుగు రెట్లు. అప్పటి కనీస వేతనము 705 యూరోలు. రావలసినవాని రాబడి 2,820. అనగా తలుపు దెఱచిన శాసనమే, లోనికి వచ్చువాడు ఇంటి బీదవానికంటె నాలుగంతల బలము గలవాడని చాటుచున్నది. ఒకే వీథిలో ఒకే యింటి యద్దెకు వీరిరువురు పోటీపడినచో గెలుపెవ్వరిదో చెప్ప నవసరము లేదు.

2023 ఏప్రిల్ 1 వ తేదీన లిస్బను వీథులలో వేలకొలది జనులు నివాసపుహక్కునకై ఊరేగిరి. ఆ యేడే యిండ్లు కొన్నవారికి నివాసానుమతి నిచ్చు "బంగారు వీసా" పద్ధతిలో ఇండ్ల కొనుగోలును దీసివైచిరి. 2024 నుండి పాత పన్ను రాయితీని క్రొత్తవారికి మూసి, పరిశోధకులు మున్నగు కొలది వర్గములకు మాత్రము మఱొక రాయితీ నుంచిరి. రోగము ముదిరిన పిదప మందు వెదకినట్లయ్యెను.

మెక్సికో నగరపు కథయు నట్టిదే. 2022 అక్టోబరులో ఆ నగర ప్రభుత్వము యునెస్కోతోను, ఎయిర్‌బిఎన్‌బి సంస్థతోను ఒడంబడిక చేసికొని దూరపు కొలువువారిని ఆహ్వానించెను. నాటి నగరాధినేత్రి క్లౌడియా షేన్‌బామ్. 2025 జులై 4 వ తేదీన రోమా, కొండేసా పేటలలో జనులు ఊరేగిరి. కొందఱు అంగళ్ల అద్దములు పగులగొట్టిరి. పరదేశీయులు పొండని నినదించిరి. అప్పటికి దేశాధ్యక్షురాలైయున్న షేన్‌బామే ఆ పరద్వేషమును ఖండింపవలసి వచ్చెను. అద్దములు పగులగొట్టుటను మేమును మెచ్చము. కాని పిలిచినది ప్రభుత్వము, లాభించినది ఇంటియజమాని, తిట్లు తినినది అతిథి, ఇల్లు విడిచినది కాపురస్థుడు. ఈ లెక్కను మఱవరాదు.

వచ్చినవారు సొమ్ము తెచ్చుచున్నారుగదా, దానిచే పదిమంది బ్రతుకుచున్నారుగదా యని కొందఱందురు. నిజమే. అద్దెలు పెరుగుటకు వీరొక్కరే కారణమనుటయు అన్యాయము. యాత్రికుల తాకిడి, దినవారీ యద్దెలకు బోయిన యిండ్లు, చాలినన్ని క్రొత్త యిండ్లు కట్టకుండుట, స్థానికుల తక్కువ జీతములు అన్నియు గలసినవి. కాని పూటకూళ్ల యింటి పనివానికి దొరకు కూలికంటె వాని యద్దె వేగముగా పెరిగినచో, వచ్చిన సొమ్ము వాని చేతులమీదుగా ఇంటియజమాని పెట్టెకే చేరును.

ఈ సంగతి తెలుగువారికి క్రొత్త గాదు. మన తాతల కాలమున కోరంగి, కాకినాడ, విశాఖ తీరములనుండి వేలమంది రంగూను చేరిరి. వారిని అచ్చట కోరంగీలనిరి. 1930 మే నెలలో రంగూను రేవులోని మన కూలీలు కూలి పెంపునకై సమ్మె చేసిరి. యజమానులు వారి స్థానమున బర్మావారిని బెట్టుకొని, సమ్మె తీరగనే వారిని వెళ్లగొట్టిరి. యజమాని చేసిన పనికి పేదలిరువురు వీథిలో నొకరినొకరు చంపుకొనిరి. 1942 లో జపాను దండు వచ్చినపుడు మనవారు అడవులబడి కాలినడకన తిరిగివచ్చిరి. నాటి పరవాసి తక్కువ కూలికి వచ్చి స్థానికుని పని పోగొట్టినాడను నింద మోసెను. నేటి పరవాసి యెక్కువ యద్దె యిచ్చి స్థానికుని యిల్లు పోగొట్టుచున్నాడను నింద మోయుచున్నాడు. రెండుమాఱులును నడుమ లాభించినవాడు నిందకు దూరముగనే యున్నాడు.

పోదలచిన మన యువకులకు శాసనపు సంగతులు కొన్ని చెప్పవలెను. థాయిలాండులో నొక యేట 180 దినములున్నవాడు పన్ను విషయమున అచ్చటి నివాసియగును. 2024 నుండి ఆర్జించిన విదేశపు రాబడిని అట్టివాడు ఆ దేశమునకు దెచ్చికొన్నచో పన్ను పడును. ఏ దేశమునను పన్ను కట్టక తప్పించుకొందమనుకొనువారు, 2020 లో మన యాదాయపు పన్ను శాసనమున చేర్చిన నిబంధనను జదువవలెను. మన దేశమునుండి వచ్చు రాబడి 15 లక్షలు మించి, మఱెచ్చటను పన్నునకు లోబడని భారతపౌరుని అది యిచ్చటి నివాసిగనే యెంచును. ఇక ఓటు. 2010 లో చేసిన సవరణచే విదేశములందున్న మన పౌరుడు ఓటరుగా నమోదు గావచ్చును. కాని ఓటు వేయుటకు స్వయముగా రావలెను. వీసాపై నున్న దేశమున ఓటు లేదు. స్వదేశమున నున్నను వేయుటకు రాడు. ఇట్లు ఏ యూరి మంచిచెడ్డలకును బాధ్యత లేని జనమొకటి తయారగుచున్నది. మమ్ము మిక్కిలి కలతపెట్టునది యిదియే.

కావున పోవలదని మేము చెప్పము. మనుష్యుడు తనకు నచ్చినచోట బ్రతుకుట తప్పు గాదు. కాని పిలుచు ప్రభుత్వములు తమ పౌరునికంటె తక్కువ పన్ను అతిథికి వేయరాదు. వానినుండి వచ్చిన పన్నుతో అద్దెయిండ్లు కట్టింపవలెను. దినవారీ యద్దెలకు హద్దు పెట్టవలెను. పోవువాడు అచ్చటి భాష నేర్వవలెను, అచ్చటి పన్ను కట్టవలెను, తిరుగుటకంటె ఒకచోట నిలిచి, అచ్చటివారు ఓర్వగల యద్దెకే యిల్లు చూచుకొనవలెను.

తిథి యెఱుగక వచ్చి పోవువానిని మన పెద్దలు అతిథియనిరి. వానికి మనము పెట్టుటయే గాని వాడు మనకు పెట్టవలసినది లేదు. పదియేండ్లు కాపురముండువాడు అతిథి గాడు, ఇరుగుపొరుగువాడు. ఇరుగుపొరుగున నుండువానికి హక్కులతోపాటు ఋణములును గలవు. లాప్‌టాపు సంచిలో పెట్టుకొని బయలుదేరువారు ఈ ఋణపత్రమునుగూడ వెంటగొనిపోదురుగాక!