సెంటర్లకు సమాన వాటాలా?



బాస్కెట్‌బాల్ జట్టులో ఇద్దరు మంచి సెంటర్లుంటే 48 నిమిషాలనూ చెరిసగం పంచేయాలన్న మీ పత్రిక గత వారం వ్యాసంతో నేను ఏకీభవించలేను. అలసట, ఫౌళ్ల భయం నిజమే. ఆరో ఫౌల్ పడితే ఎంతటివాడైనా బయటికి పోవాల్సిందే. కానీ ఒకరు ఆడుతుంటే రెండోవారు కూర్చోవాలనే నియమం ఎక్కడిది?

2025 ఎన్‌బీఏ ఫైనల్స్ చూడండి. ఇండియానా పేసర్స్‌పై తొలి మూడు మ్యాచ్‌లలో ఓక్లహోమా సిటీ కోచ్ మార్క్ డెగ్నాల్ట్ సెంటర్ ఐజయా హార్టెన్‌స్టైన్‌ను పక్కనపెట్టి, గార్డ్ కేసన్ వాలెస్‌తో ఆట మొదలుపెట్టారు. వాటిలో రెండు ఓడారు. నాలుగో మ్యాచ్‌కి హార్టెన్‌స్టైన్‌ను మరో సెంటర్ చెట్ హోల్మ్‌గ్రెన్‌కు జోడీగా మళ్లీ తొలి ఐదుగురిలోకి తెచ్చారు. 111-104తో గెలిచి సిరీస్ సమం చేశారు, చివరికి టైటిలూ కొట్టారు. ఒకరు బుట్ట కింద భుజం అడ్డుపెట్టి రీబౌండ్ లాగుతారు, మరొకరు దూరం నుంచి త్రీ వేస్తారు. అలాంటివాళ్లని విడదీయడం జట్టుకే నష్టం.

ప్రత్యర్థిని చూసి బెదిరిపోవడమూ తప్పే. 2015 ఫైనల్స్ నాలుగో మ్యాచ్‌లో క్లీవ్‌లాండ్ సెంటర్ టిమోఫీ మోజ్‌గోవ్ 28 పాయింట్లు చేశాడు. గోల్డెన్ స్టేట్ పొట్టి జట్టుతో ఆడుతోందని క్లీవ్‌లాండ్ ఐదో మ్యాచ్‌లో అతనికి 9 నిమిషాలే ఇచ్చి, ఓడింది. ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇద్దరు సెంటర్లూ కలిసి ఆడే నిమిషాల గురించి కూడా మీ రచయిత రాయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విజయవాడ